మా బావ ఒంటిచేత్తో తిప్పిన ఓడ

మా బావ జీవితం గురించి రాయడానికి నాకంటే తగినవాడు లేడు. ఈ మాట గర్వంతో అనడం లేదు. గర్వపడటానికి నాకు వేరే సంగతులు చాలానే ఉన్నాయి. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ ఐదేళ్లూ చేతిరాతలో మొదటి బహుమతి నాదే. ఆ తర్వాత ముప్పై తొమ్మిదేళ్లు ఓడలకు తెరచాపలు కుట్టాను. నలభై మూడు ఓడలు నా కుట్టుతోనే సముద్రం మీదికి వెళ్లాయి. ఒకసారి రేవు అధికారి నా కుట్టు మీద భూతద్దం పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. అనడానికి ఏమైనా దొరికితే కదా! ఓడలకు ఇంజన్లు వచ్చాక లారీల మీద కప్పే టార్పాలిన్లు కూడా కుట్టాను కానీ వాటిని నేను లెక్కలో వేసుకోను. ఇంతటివాడు పని మానుకుని కూర్చుని ఇంకొకడి గురించి రాస్తున్నాడంటే, ఆ ఇంకొకడిలో కూడా ఏదో కొంత ఉండి ఉంటుందని చదివేవాళ్లు గ్రహించాలి.

మా బావ సరంగు. అంటే సరుకు ఓడకు పెద్ద. తెరచాపతో నడిచే ఓడ మీద ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. మా అక్కను చేసుకున్నాక నాకు బావ అయ్యాడు కానీ, నా దృష్టిలో ఓడ నడపడం ఆయన రెండో ఉద్యోగం. మొదటి ఉద్యోగం కథలు చెప్పడం. ఓడ దిగి ఇంటికొచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడంటే ఇక సముద్రం ఆ గదిలోకి వచ్చేసేది.

"తుఫాను పట్టుకుంది. నేను తెరచాప దించాను. నేను నీళ్లు తోడేశాను. తెగిన తాడు నేనే అతికాను. ఓడను గిర్రున తిప్పి ఒడ్డుకు చేర్చాను."

"మరి మిగతావాళ్లేం చేస్తున్నారండీ?" అని మా అక్క పెళ్లయిన కొత్తలో ఒకసారి అడిగిందట. ఆయన వినిపించుకోలేదట. అప్పటి నుంచి ఆవిడ అడగడం మానేసి, నాతో మాత్రం అంటుండేది: "ఒరేయ్ తమ్ముడూ, మీ బావ చెప్పే తుఫానులో ఓడ మీద ఆయనా గాలీ ఇద్దరే ఉంటార్రా."

ఇందులో తప్పు ఆయన ఒక్కడిదే అనలేం. మా రేవులో సరంగులందరిదీ అదే పద్ధతి. నలభై మంది కూలీలు రెండు రోజులు మోసి దింపిన సరుకును "నేను దింపాను" అనేవాళ్లు. వినేవాళ్లకు అలవాటే కాబట్టి ఆ ఒక్కడి వెనకాల నలభై మందిని మనసులో కలుపుకునేవాళ్లు. ఓడ మీద ఎవడు కుండ పగలగొట్టినా యజమాని దగ్గరకు వెళ్లి "నేను పగలగొట్టాను" అని తల వంచుకునేదీ ఆ సరంగే. అదీ పద్ధతిలో భాగమే. మా బావ ఈ రెండో సగం ఎప్పుడూ కథల్లో చెప్పలేదు. బాగా పండదనేమో.

వీళ్లకు ఒక్కతే కూతురు. నా మేనకోడలు. ఆ పిల్ల అన్నం ముద్దలతోపాటు ఈ తుఫానులన్నీ మింగుతూ పెరిగింది. కంప్యూటర్లు చదువుకుంది. చదువుకుని ఏదైనా కుదురైన ఆఫీసులో చేరుతుందనుకుంటే, ఇంకో ఐదుగురితో కలిసి పరుపుల దుకాణం పైన మేడ అద్దెకు తీసుకుని వీడియో గేమ్ తయారుచేయడం మొదలెట్టింది. పూర్వకాలపు తెరచాప యుద్ధనౌకల ఆట. ఆడేవాడే ఓడకు పెద్ద. శత్రువుల ఓడలు వస్తాయి, ఫిరంగులు పేలతాయి. ఆటే అయినా అందులో గాలి నిజం గాలిలా ఉండాలని, ఓడ నిజం ఓడలా కదలాలని దాని పంతం. అది వాళ్ల నాన్న పోలిక.

ఆ మేడ మీద దీనికి ఎదురు మనిషి ఒకడున్నాడు. దానితోపాటే చదువుకున్నవాడు, తెలివైనవాడు, కానీ ఓడ కూడా స్కూటర్‌లాగే నడవాలంటాడు. ఎడమ నొక్కితే ఎడమకు, కుడి నొక్కితే కుడికి. గాలి అంటావా, జెండాలు ఊపడానికి ఉంటే చాలట. నేను వాడికి స్కూటర్ అని పేరు పెట్టాను. ఆ పేరు ఆఫీసులో బాగా స్థిరపడింది. నేను పెట్టిన పేర్లు సాధారణంగా స్థిరపడతాయి.

"జనం రోజంతా పని చేసి వచ్చి ఆడతారు. వాళ్లకి సరదా కావాలి, సముద్ర శాస్త్రం కాదు," అనేవాడు స్కూటర్.

"గాలికి ఎదురుగా ఓడ పరిగెడితే అది ఓడ కాదు, నీ బండే," అనేది మా పిల్ల.

"మా బండికి ఏమైంది? అందరూ ఎక్కుతారు."

నిజం ఎలా ఉంటుందో చెప్పడానికి ఆరు ఆదివారాలు మా బావను కూర్చోబెట్టి ఆయన మాటలు రికార్డు చేశారు. తెరచాపల విషయానికి నన్ను పిలిచారు. నా కుట్టును ఫోటోలు తీసి అచ్చం అలాగే ఆటలో పెట్టారు. దగ్గరకు వెళ్లి చూస్తే ఒక్కో పోగూ కనబడుతుంది. ఆ ఆటలో నిజానికి అతి దగ్గరగా ఉన్నది అదేనని స్కూటర్ కూడా ఒప్పుకున్నాడు.

మా బావ మాత్రం ఆరు ఆదివారాలూ తుఫానులు కురిపించాడు. గాలికి ఎదురుగా ఓడ పోలేదు కాబట్టి ఏటవాలుగా కొంతదూరం పోయి, మలుపు తిప్పి, మళ్లీ అటు వాలుగా పోవాలి. ఆ మలుపే అసలు విద్య. "మొదట నేను ఈ తాడు వదులుతాను. ఆ తాడు బిగిస్తాను. అడ్డకొయ్య కొంచెం దించుతాను. దాన్ని ఇటు నుంచి అటు మోస్తాను..." అని వరసగా పదకొండు పనులు చెప్పాడు. మా పిల్ల పదకొండూ రాసుకుంది. ఓడ మీద మనుషులుంటారని దానికి తెలియక కాదు. సరంగు ఒక్కో పనికీ ఒక్కో ఆజ్ఞ ఇస్తాడని అర్థం చేసుకుంది. దాంతో ఆటలో మలుపు తిప్పాలంటే పదకొండు మీటలు వరసగా, వేళ తప్పకుండా నొక్కాలి. ఒక్కటి తప్పితే తెరచాప టపటపా కొట్టుకుని, ఓడ గాలికి ముఖమిచ్చి నిలబడిపోతుంది. ఈలోపు శత్రువు వచ్చి తీరుబడిగా పేలుస్తాడు. ఇది చాలదన్నట్టు మంచినీళ్ల పీపాల్లో పాకుడు పెట్టారు. ఎలుకలు పెట్టారు. ఎలుకల విషయంలో మా బావ చాలా గట్టిగా నిలబడ్డాడు. ఏడు రకాలు ఉండాలన్నాడు. చివరికి మూడింటితో రాజీపడ్డాడు.

నాలుగేళ్లకు ఆట ఒక రూపానికి వచ్చింది. దాన్ని దేశదేశాల్లో అమ్మిపెట్టే కంపెనీ తరఫున ఒకాయన ఫైలు పట్టుకుని వచ్చాడు. బయటివాళ్లను పదిమందిని పిలిపించి, కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టాడు. కనీసం ఆరుగురు తమంతట తాము అరగంట దాటి ఆడాలి. అదీ పరీక్ష. మా బావనూ నన్నూ పెద్దమనుషులుగా పిలిచి వెనకాల కుర్చీలు వేశారు. మా బావ చొక్కాకు ఇస్త్రీ చేయించుకున్నాడు. నాది ఎప్పుడూ ఇస్త్రీలోనే ఉంటుంది.

తొమ్మిదో నిమిషంలో మొదటి మనిషి లేచింది. ఆసుపత్రిలో నర్సట.

"ఏమైందమ్మా?" అన్నాడు ఫైలాయన.

"పన్నెండు గంటలు డ్యూటీ చేసి వచ్చానండీ. ఇక్కడ ఇంకో డ్యూటీ ఇచ్చారు," అని సంచి తగిలించుకుంది.

ఆ వెనకే ముగ్గురు. ఇంకో నలుగురు. అరగంట అయ్యేసరికి కుర్చీల్లో ఇద్దరు మిగిలారు. ఒకతను నిద్రపోతున్నాడు. రెండో అతను ఎలుకల్ని లెక్కపెడుతున్నాడు.

"చూశావా, ఎలుకలు!" అని మా బావ నన్ను మోచేత్తో పొడిచాడు.

ఫైలాయన మంచివాడే, మూడు వారాలు గడువిచ్చాడు. మళ్లీ పదిమంది, మళ్లీ అదే పరీక్ష. ఈసారీ ఆరుగురు నిలవకపోతే స్కూటర్ చెప్పిన పద్ధతే ఖాయం. గాలి బొమ్మ గాలి అవుతుంది. ఆయన వెళ్లాక మా పిల్ల తన బల్ల దగ్గర నిలబడి మెల్లగా అంది: "గాలి తీసేస్తే నేనూ వెళ్లిపోతాను. మీరు పూర్తిచేసుకోండి." కోపంగా అని ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. అది చాలా మామూలుగా అంది. స్కూటర్ ముఖం కూడా పాలిపోయింది. గెలిచినవాడి ముఖంలా లేదు.

మా బావకు ఇదేమీ ఆనలేదు. "ఆడేవాళ్లకు చేతకాలేదు, అంతే! లే, నేను చూపిస్తా," అని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆరుగురూ చుట్టూ చేరారు. తెర మీద సముద్రం. ఓడ ఏటవాలుగా చక్కగా పోతోంది. మలుపు వేళ అయింది. మా బావ నడుం నిటారుగా చేసి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, గట్టిగా దగ్గాడు.

అంతే. దగ్గి, కూర్చున్నాడు.

తెరచాప కొట్టుకుంది. ఓడ ఆగిపోయింది. శత్రువు వచ్చాడు, పేల్చాడు.

"నాన్నా, ఏదో ఒకటి నొక్కాలి," అంది మా పిల్ల.

"తెలుసులేవే."

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ మలుపు. మళ్లీ చేతులు ఒళ్లోకి, మళ్లీ దగ్గు. మళ్లీ మునిగింది.

"బావా, దగ్గుమందు తెప్పించనా?" అన్నాను.

"నోర్ముయ్యరా." మూడోసారి మునిగేసరికి ఆయనకు కోపం నషాళానికి అంటింది. "ఇదేం ఓడే! చెప్తుంటే ఒక్కడూ కదలడు!"

"ఎవరు కదలట్లేదు నాన్నా?"

"వాళ్లే!"

"నువ్వేం చెప్పావు వాళ్లకి?"

మా బావ ఒళ్లో ఉన్న తన చేతుల వంక చూసుకున్నాడు. మా పిల్ల కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, ఓడ మీద మలుపు తిప్పేటప్పుడు నువ్వు నిజంగా ఏం చేసేవాడివి?"

ముప్పై ఒక్క ఏళ్ల సరంగు. తుఫానుల్ని ఒంటిచేత్తో దించినవాడు. నేను ఆయన్ను ఆటపట్టించే అవకాశం ఎప్పుడూ వదులుకోలేదు కానీ, ఆ క్షణంలో మాత్రం నేల వంక చూశాను. ఆయనకు అబద్ధం చెప్పడం కష్టమేమీ కాదు. చెప్పి ఉంటే ఆ పిల్ల నమ్మేది కూడా. నాలుగేళ్లు నమ్మింది కదా.

"దగ్గేవాణ్ణి," అన్నాడు.

"తర్వాత?"

"తర్వాతేముంది. చుక్కాని పట్టుకుని నిలబడేవాణ్ణి. వాళ్లు చేసేవాళ్లు. పదకొండు మంది. ఎవడి తాడు వాడికి తెలుసు. నేను తాడు ముట్టుకుంటే వాళ్లకి తలవంపులు. ఒకసారి ముట్టుకోబోతే మా పెద్ద కళాసి నా చెయ్యి పక్కకు తోసేశాడు."

"మరి మాటతో చెప్పొచ్చుగా, దగ్గడం దేనికి?"

"గాలిలో మాట వినబడదే. దగ్గు వినబడుతుంది. నా దగ్గు వాళ్లకు తెలుసు."

స్కూటర్ తల పట్టుకున్నాడు. "అంకుల్, ఆరు ఆదివారాలు! పదకొండు మీటలు! ఒక్క మాట ముందే చెప్పొచ్చు కదా!"

"నువ్వు అడిగావా బాబూ?" అన్నాడు మా బావ. కానీ ఆ మాటలో బలం లేదు.

ఇంటికి బస్సులో వస్తుంటే ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అటే చూస్తూ అన్నాడు: "ముప్పై ఒక్క ఏళ్లూ నేను చేసింది దగ్గడమేనట్రా?"

"అప్పుడప్పుడూ తుమ్మావు కూడా," అన్నాను. ఆయన నవ్వలేదు. నేను వేసిన జోకుకు ఆయన నవ్వకపోవడం అదే మొదటిసారి. సాధారణంగా నవ్వి, తర్వాత తిడతాడు.

మర్నాడు మా పిల్ల పదకొండు మీటలూ పీకేసి ఒక్కటి ఉంచింది. ఆ మీట నొక్కితే దగ్గు. దగ్గితే ఓడ మీద పదకొండు మంది పరిగెత్తి ఎవడి పని వాడు చేస్తాడు. గాలి మాత్రం నిజం గాలే. స్కూటర్ చేతులు కట్టుకుని నవ్వాడు. "ఒక్క మీట ఆటా? ఇంక నా పద్ధతికీ నీ పద్ధతికీ తేడా ఏముంది?"

"కూర్చుని తిప్పు చూద్దాం," అంది.

కూర్చున్నాడు. దగ్గించాడు. మనుషులు పరిగెత్తారు. ఓడ సగం తిరిగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు, ఈసారి ఆలస్యం. మళ్లీ చేశాడు, మరీ తొందర. వెనకాల నిలబడ్డ మా బావ చెయ్యి తనకు తెలియకుండానే పైకి లేస్తోంది. "ఇప్పుడు కాదు... ఇప్పుడూ కాదు... ఆఁ... ఛ, పోయింది!"

"ఎలా తెలుస్తుంది అంకుల్?"

"తెరచాప అంచు చూడు. నిద్రపోయే పిల్ల ఉలిక్కిపడ్డట్టు చిన్నగా ఒకసారి అదురుతుంది. అదే అనుకుని దగ్గావో, అయిపోయావు. కింద అల చూడాలి. ఓడ అల ఎక్కి, దిగబోయేముందు ఒక్క క్షణం తేలిగ్గా అవుతుంది చూడూ, రెండూ కలిసినప్పుడు."

"కలవకపోతే?"

"ఆగు. కలుస్తాయి. ఆగలేనివాడు సరంగు ఎలా అవుతాడు?"

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే న్యాయం కాదు. ఆ అదురు ఆటలో అంత స్పష్టంగా కనబడటానికి కారణం అంచు మీద నేను వేసిన రెండు వరసల కుట్టు. ఇంకెవరి కుట్టయినా అయితే అంచు చాపలా వేలాడేది. ఇది ఎవరూ అనలేదు కాబట్టి నేనే అంటున్నాను.

స్కూటర్ ఆ రోజు పదిహేడుసార్లు మునిగాడు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. పద్దెనిమిదోసారి ఓడ చక్కగా తిరిగి, తెరచాప అవతలివైపు గాలి పోసుకుని నిండినప్పుడు, వాడు కుర్చీలోంచి లేచి పరుపుల దుకాణం వాళ్లు పైకి వచ్చేంత గట్టిగా అరిచాడు. ఆ తర్వాత మా పిల్ల వంక చూసి, "సరే, బండి తిరిగి ఇచ్చేస్తున్నా," అన్నాడు. అది బల్ల మీద తల వాల్చేసింది.

మిగతా రోజులన్నీ మా బావ దర్బారు. మొదట దగ్గు రికార్డు చేశారు. నలభై రెండుసార్లు దగ్గించుకుని, ఆరోదే బాగుందన్నారు. తర్వాత పదకొండు మంది ఎలాంటివాళ్లని అడిగారు. ఆయన కళ్లు మూసుకుని ఒక్కొక్కర్నీ చెప్పాడు. ఒకడికి మాట రాదు, అందరికంటే ముందు పరిగెత్తేది వాడే. ఒకడు బద్ధకస్తుడు, కానీ తుఫానులో ఇద్దరి పెట్టు. ఇంకొకడికి సరంగు మీద కోపం వస్తే తాడును కావాలనే మెల్లగా లాగేవాడు. అవన్నీ ఆటలో పెట్టారు. కొత్తవాడి దగ్గు వాళ్లు తొందరగా పట్టుకోరు. నాలుగు మలుపులు కలిసి తిప్పాక అలవాటుపడతారు. ఊరికే దగ్గుతూ కూర్చుంటే మొహం తిప్పుకుంటారు. మా బావ ఈ మాటలు చెబుతున్నంతసేపూ మా పిల్ల రాసుకోవడం మానేసి ఆయన్నే చూస్తూ కూర్చుంది. ఈ మనుషుల గురించి అది వినడం అదే మొదలు.

మూడు వారాలకు ఫైలాయన మళ్లీ పదిమందిని తెచ్చాడు. మేం వెనకాల కూర్చున్నాం. తొమ్మిదో నిమిషం వచ్చింది, పోయింది. పదమూడో నిమిషంలో ఒకాయన లేచాడు. మా పిల్ల వేళ్లు నా మోచేతిని గట్టిగా పట్టుకున్నాయి. ఇరవయ్యో నిమిషంలో ఇంకొకావిడ. అరగంట అయిందని గంట కొట్టినప్పుడు ఏడుగురు కూర్చునే ఉన్నారు. ఎవరూ గంట వినలేదు. గదిలో ఏడు చోట్ల నుంచి మా బావ దగ్గు వినబడుతోంది, ఆసుపత్రి వరండాలో లాగా. నిజానికి ఎనిమిది మంది ఉండేవాళ్లు. మూడో అతను లేచిపోవడానికి ఆట కారణం కాదు. మా బావ అతని కుర్చీ వెనకాల నిలబడి "ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు" అని చెవిలో చెప్పడం కారణం.

ఫైలాయన ఏదో రాసుకుని, "గాలి ఉంచండి. ఎలుకలు తగ్గించండి," అన్నాడు. రెండో దానికి మా బావ ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఆట బయటికొచ్చి ఏడాది దాటింది. మా పిల్ల, స్కూటర్ ఇప్పటికీ ఒకే మేడ మీద పోట్లాడుకుంటున్నారు. మా బావ మాత్రం మారిపోయాడు. ఆరోజు ఆఫీసులో నిజం చెప్పి బతికి బయటపడ్డాక ఆయన నిజం రుచి మరిగాడు. ఇప్పుడు తుఫాను కథ ఎత్తుకుంటే మొదట పదకొండు మందీ ఓడ ఎక్కాలి. ఒక్కొక్కడూ ఎలా ఎక్కాడో, వాడి పక్కన ఎవడు నిలబడ్డాడో, ఏ తాడు ఎవడు ఎన్ని బారలు లాగాడో అన్నీ చెప్పాలి. ఒకడిని మర్చిపోతే వెనక్కి వెళ్లి మొదటి నుంచి చెబుతాడు. ఇదివరకు అరగంటలో ఒడ్డుకు చేరే ఓడ ఇప్పుడు మూడు గంటలైనా రేవు వదలదు.

మొన్న సాయంత్రం ఇంటికి చుట్టాలొచ్చారు. తుఫాను మొదలైంది. గంటన్నర గడిచినా ఆకాశంలో ఇంకా మబ్బు పట్టలేదు. ఏడో కళాసి చెప్పు తెగింది, అది బాగుచేసుకుంటున్నాడు. చుట్టాల్లో ఒకాయన గోడకు చేరబడి కళ్లు మూశాడు. ఒకావిడ సంచి తగిలించుకుంటోంది. మా అక్క వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి నిలబడింది.

"ఏమండీ, మీకు దండం పెడతా. అన్నీ మీరే చేశారని చెప్పండి. తొందరగా ఒడ్డుకు రండి."

"అది అబద్ధం కదే," అన్నాడు మా బావ.

"అయితే అయింది. వినేవాళ్లు ఉండాలా వద్దా?"

ఆయన నా వంక చూశాడు, నేనేదో తీర్పు చెబుతానన్నట్టు. ఊరి బడిలో చదివిన నాకు తీర్పులు చెప్పడం కొత్త కాదు. కానీ రెండువైపులా నా వాళ్లే ఉన్నారు, పైగా అక్క చేతిలో గరిటె ఉంది.

"ఆ ఏడోవాడి చెప్పు సంగతి మాత్రం తీసెయ్ బావా," అన్నాను.